ఇగ వింటది మేడమ్

పదవీ విరమణ అని రాసుకోవడానికి నాకు వయసు చాలదు. ముప్పై నాలుగేళ్లు. అయినా పోయిన నెల మా మల్కాజ్‌గిరి స్కూల్లో నాకు శాలువా కప్పారు, సమోసా పెట్టారు, రెండో తరగతి పిల్లలు గ్రీటింగ్ కార్డులు ఇచ్చారు. ఒక కార్డు మీద "హ్యాపీ రిటర్న్‌మెంట్ టీచర్" అని ఉంది. రిటైర్మెంట్ అని రాయబోయి అలా రాసింది ఆ పిల్ల. స్టాఫ్ రూమంతా నవ్వింది. నేనూ నవ్వి, ఆ కార్డు పర్సులో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఇంకా పర్సులోనే ఉంది.

తొమ్మిదేళ్లు చేశాను. మా పాపకు మూడున్నరేళ్లు. నెలకు రెండుసార్లు జ్వరం వస్తుంది, చూసుకునే మా అత్తమ్మకు మోకాళ్లు పట్టేశాయి. మానేయడానికి ఇంతకంటే కారణం లేదు. ఎవరి మీదా కోపం లేదు.

నా క్లాసుకు వచ్చిన కొత్త టీచర్ పేరు వైష్ణవి. చదువు పూర్తిచేసి నేరుగా మా దగ్గరికే వచ్చింది. చివరి రోజు అల్మారా తాళాలు చేతికిస్తుంటే అడిగింది: "అక్కా, రిజిస్టర్ యాడుంటదో, డస్టర్ యాడుంటదో అన్నీ చెప్పిన్రు. అసలుది చెప్పలే. ఏ పిల్లకు ఎట్ల చెప్తే ఎక్కుతదో మనకెట్ల తెలుస్తది?"

గుమ్మంలో నిలబడి చెప్పే జవాబు కాదది. "రాసిస్తా" అన్నాను.

నెల రోజులు వాయిదా వేశాను. ఈ రాత్రి కూర్చోక తప్పలేదు, ఎందుకంటే టేబుల్ మీద ఒక ఫారం ఉంది. పాపను నేరేడ్‌మెట్‌లో నర్సరీలో వేస్తున్నాం. రేపు పొద్దున ఫారం ఇవ్వాలి. పేరు, పుట్టిన తేదీ, టీకాలు, బ్లడ్ గ్రూపు అన్నీ నింపాను. పద్నాలుగో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. "మీ చిన్నారి ఎలా నేర్చుకుంటుంది? చూసి, విని, చేసి. ఏదైనా ఒకదానికి టిక్ పెట్టండి."

మా ఆయన పడుకోబోయే ముందు తొంగిచూశారు. "చూసి అని పెట్టెయ్. మనది ఎప్పుడు చూసినా గోడల మీద గీస్తనే ఉంటది గదా."

ఆయనకు అది ఒక్క టిక్కు. నేను ఆ టిక్కును ఒకసారి పెట్టి ఉన్నాను, వేరేవాళ్ల బిడ్డకు. అందుకే చెయ్యి రావడం లేదు.

పెద్ద సగం

వైష్ణవీ, ముందు నా మొదటి సంవత్సరం గురించి చెప్తాను. అప్పుడు నాకు తెలిసిన బోధన అంటే మాట్లాడటం. నలభై నిమిషాల పీరియడ్‌లో ముప్పై ఎనిమిది నిమిషాలు మాట్లాడేదాన్ని. సాయంత్రానికి గొంతు పోయేది. గొంతు పోయిందంటే బాగా చెప్పానని అనుకునేదాన్ని.

ఒకరోజు 'సగం' చెప్పాను. బోర్డు మీద గుండ్రంగా గీసి, మధ్యలో గీత కొట్టి, ఒక పక్క గులాబీ రంగు పూశాను. బ్రహ్మాండంగా వచ్చింది. "అర్థమైందా?" అంటే "ఎస్ టీచర్" అని గోడలు అదిరేలా అరిచారు. ఆ వారం మా హెడ్‌మిస్ట్రెస్ సుగుణ మేడమ్ క్లాసు చూడ్డానికి వచ్చారు. ఆవిడది గుంటూరు. ముప్పై ఏళ్ల కిందట సికింద్రాబాద్ వచ్చినా మాటలో గుంటూరు అలాగే ఉంది. ఇంటర్వెల్‌లో తినడానికి తెచ్చుకున్న ఉస్మానియా బిస్కెట్ ఒకటి ముందు బెంచీ పిల్ల చేతిలో పెట్టి, "ఇందులో సగం నాకియ్యమ్మా" అన్నారు.

ఆ పిల్ల బిస్కెట్ విరిచి, రెండు ముక్కలూ చూసి, చిన్న ముక్క మేడమ్‌కు ఇచ్చింది.

"ఇది సగమా?"

"అవ్ మేడమ్. ఇది చిన్న సగం, ఇది పెద్ద సగం. మా ఇంట్ల ఎప్పుడు పెద్ద సగం మా అక్కదే."

క్లాసంతా ఆ పిల్ల వైపే. చాలామంది ఇళ్లల్లో పెద్ద సగాలు ఉన్నాయని ఆ రోజే నాకు తెలిసింది. నేను గీసిన గుండ్రం అందరూ చూశారు, నేను చెప్పింది అందరూ విన్నారు. కానీ రెండు ముక్కలూ సమానం అయితేనే సగం అన్న సంగతి ఒక్కరికీ అందలేదు.

మేడమ్ బయటికి వెళ్తూ అన్నారు: "అర్థమైందా అని అడక్కమ్మా. అడిగితే అయిందనే అంటారు, పాపం, నీ గొంతు మీద జాలితో."

కన్ను, చెవి, చెయ్యి

నాలుగేళ్ల కిందట, బడి తెరవక ముందు, మమ్మల్ని రెండు రోజుల ట్రైనింగ్‌కు పంపారు. ప్యారడైజ్ దగ్గర ఒక హాలు. కోటు వేసుకుని వచ్చిన కుర్రాడు చాలా బాగా మాట్లాడాడు. పిల్లలు మూడు రకాలట. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు. ఎవరు ఏ రకమో కనిపెట్టి వాళ్లకు అలాగే చెప్తే అందరూ ముందుంటారట. కనిపెట్టడానికి పన్నెండు ప్రశ్నల కాగితం ఇచ్చాడు.

నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. గొంతు పోగొట్టుకుంటున్న మనిషికి మందు దొరికినట్టయింది. ఇంటికొచ్చి రంగు కాగితాలతో స్టిక్కర్లు కత్తిరించాను. నీలం కన్ను, పసుపు చెవి, ఎర్ర చెయ్యి. మొదటి వారంలోనే ముప్పై ఆరుగురు పిల్లల నోటుపుస్తకాల మీద అంటించాను.

తల్లిదండ్రులకు ఇంకా నచ్చింది. మీటింగ్‌కు వచ్చి బ్లడ్ గ్రూపు అడిగినట్టు అడిగేవాళ్లు: "మాది ఏ టైపు మేడం?" ఒకాయన పుస్తకం తిప్పి చూసి, "మావోడు చెయ్యి టైపా? నేననుకున్ననే. గందుకే రోజుకొకల్ని కొట్టొస్తున్నడు" అన్నాడు. నవ్వుకున్నాం.

నిఖిత అనే పిల్లకు కన్ను అంటించాను. ఏడేళ్లు. ముందు బెంచీలో కూర్చునేది. స్కూలు రూలు ప్రకారం రెండు జడలు మడిచి రిబ్బన్లతో చెవుల మీదికి కట్టుకుని వచ్చేది. మాట్లాడుతున్నంతసేపూ నా మొహం మీదినుంచి చూపు తిప్పేది కాదు. పాఠం చెప్పే మనిషికి అంతకంటే ఏం కావాలి? నేను బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్తే మాత్రం పక్క పిల్ల పుస్తకంలోకి చూసేది. డిక్టేషన్‌లో పదికి రెండో మూడో వచ్చేవి. అదే బొమ్మల కార్డులు ఇస్తే గబగబా చేసేసేది.

నా కాగితం ప్రకారం అన్నీ సరిపోయాయి. చూసి నేర్చుకునే పిల్ల. నోటి లెక్కలు, పద్యాలు, కథ చెప్పమనడం ఆ పిల్లకు తగ్గించాను. ఆమె రకం కాదు కదా అని. కార్డులు పెంచాను. మార్కులూ పెరిగాయి. స్టాఫ్ మీటింగ్‌లో లేచి నిలబడి నిఖిత గురించి అయిదు నిమిషాలు చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

మాస్కు

ఆ వానాకాలం నేను అయిదో నెల కడుపుతో ఉన్నాను. అందరూ మాస్కులు తీసి పారేసి హాయిగా ఊపిరి పీల్చుకుంటున్న సంవత్సరం అది. అప్పుడే బడిలో జ్వరాలు మొదలయ్యాయి. రోజుకు ఏడెనిమిది మంది పిల్లలు రావడం మానేశారు. నేను ముందే భయస్తురాలిని, దానికితోడు కడుపులో బిడ్డ. డాక్టరమ్మ చెప్పకముందే నేనే మాస్కు పెట్టుకున్నాను. ఒకటి కాదు, రెండు.

రెండు రోజుల్లో నిఖిత మారిపోయింది. పుస్తకాలు మూయండి అంటే రాస్తూనే ఉండేది. నిలబడమంటే అందరూ లేచాక లేచేది. మధ్యలో బెంచీ దిగి నా దగ్గరికొచ్చి, కొంగు పట్టుకుని, నా మొహంలోకి చూసేది. "వెళ్లి కూర్చో" అంటే కదిలేది కాదు. పిల్లలు కిలకిలా నవ్వేవాళ్లు. మూడో రోజు నాకు కళ్లు తిరుగుతున్నాయి, గదిలో ఉక్కపోత, మాస్కులో ఊపిరాడటం లేదు, ఆ పిల్ల నాలుగోసారి వచ్చి కొంగు లాగింది.

మాది ఇంగ్లీషు మీడియం అయినా, తల్లులకు తెలియాలని డైరీ తెలుగులోనే రాస్తాను. ఎర్ర పెన్నుతో రాశాను: "నిఖిత మాట వినడం లేదు. శ్రద్ధ తీసుకోండి."

మర్నాడు డైరీ తెచ్చి బల్ల మీద పెట్టింది. నా ఎర్ర అక్షరాల కింద వాళ్లమ్మ సంతకం. సంతకం పక్కన పెన్సిల్‌తో, వంకర టింకరగా, "ఇగ వింటది మేడమ్."

నిఖిత గౌను కింద పిక్కల మీద రెండు వాతలు తేలి ఉన్నాయి.

మధ్యాహ్నం దాకా బెంచీ దిగలేదు. వీపు నిటారుగా పెట్టి, రెప్ప వాల్చకుండా, నా మాస్కు వంకే చూస్తూ కూర్చుంది. వినాలని ఒక పిల్ల అంత కష్టపడటం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. చూసి ఏమనుకున్నానో కూడా రాయాలి, రాయకపోతే ఈ కాగితాలకు అర్థం లేదు. దారిలోకి వచ్చింది అనుకున్నాను.

యాదమ్మ చెప్పిన మాట

మా ఆయా యాదమ్మ మధ్యాహ్నం అన్నాల గంట కొట్టి, పిల్లల చేతులు కడిగించేది. ఆ రోజు కుళాయి దగ్గర నేను నిలబడి ఉంటే నా పక్కకొచ్చింది.

"టీచరమ్మా, ఒక మాటంట, కోపం జెయ్యకు. నిఖితను ఇంట్ల కొట్టిన్రు."

"చూశాను యాదమ్మా. డైరీలో రాసినందుకు. ఊరికే కొంచెం భయం చెప్తారనుకున్నాను."

"ఏం రాసినవ్?"

"మాట వినట్లేదని."

 యాదమ్మ గొంతు తగ్గించి అంది: "ఇనకపోవుడు గాదమ్మా. దానికి ఇనబడకపోవుడు."

నాకు అర్థం కాలేదు.

"రోజు నేను గంట కొడ్త. పొల్లగాండ్లందరు గంట ఇని లేస్తరు. ఇది అందరు లేసింది జూసి లేస్తది. ఎన్కకెళ్లి పిలుస్తే తిర్గదు. ముంగటికి పోయి పిలుస్తే నవ్వుకుంట ఉరుకుతది. నేనేమో నీకెరికే అనుకున్న. ముంగట కూసోపెట్టుకున్నవ్ గదా, ఎరికయ్యే కూసోపెట్టిందేమో మా టీచరమ్మ అనుకున్న."

క్లాసులోకి వెళ్లాను. పిల్లలు డబ్బాలు సర్దుకుంటున్నారు. నిఖిత వెనక్కి వెళ్లి నిలబడ్డాను. మాస్కు తీశాను. మామూలు గొంతుతో, "నిఖితా, చాక్లెట్ కావాలా?" అన్నాను.

మిగతా తలలన్నీ తిరిగాయి. ఆ ఒక్క తలే తిరగలేదు. డబ్బా మూత పెట్టుకుంటోంది. పక్క పిల్ల మోచేత్తో పొడిస్తే అప్పుడు వెనక్కి తిరిగి, మాస్కు లేని నా మొహం చూసి, ఎవరో చుట్టాలు వచ్చినట్టు నవ్వింది.

జడ పక్కకు తీసి చూశాను. కుడి చెవిలో దూది ఉంది. నూనెలో నానిన దూది. రిబ్బన్ చాటున ఎన్నాళ్లనుంచి ఉందో.

సుగుణ మేడమ్ గదికి వెళ్లి చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఏడ్చేశాను. ఆవిడ తిట్టలేదు. 

"ఏవమ్మా, కన్ను అంటించే ముందు చెవి చూసుకోవద్దూ?" అన్నారు. వెంటనే తనే, "నేను మాత్రం చూశానా ఏంటి? రోజూ ప్రేయర్‌లో నా ఎదురుగానే నించునే పిల్ల. మీటింగ్‌లో చప్పట్లు కొట్టిందాన్ని నేనే కదా" అన్నారు. మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపారు. "కళ్లు తుడుచుకుని వాళ్లింటికెళ్లు. డైరీలో రాయకు. మనిషివి వెళ్లు."

రైలు పక్క ఇల్లు

యాదమ్మ తోడు వచ్చింది. రైలు పట్టాల పక్క బస్తీలో రెండు గదుల ఇల్లు. నిఖిత వాళ్లమ్మ జాకెట్లు కుడుతోంది. నన్ను చూడగానే మిషన్ ఆపి లేచి నిలబడింది. మొహంలో భయం.

"మల్ల ఏమన్న జేసిందా మేడం? నిన్న గట్టిగనే చెప్పిన. ఇంటా అని ఒట్టు గూడ పెట్టించుకున్న."

"ఏం చేయలేదమ్మా. తప్పు నాది. చెప్పడానికే వచ్చాను."

అంతలో రైలొచ్చింది. గిన్నెలు చిన్నగా అదురుతున్నాయి. ఆమె మాట ఆపేసి చేతితో కూర్చోమని సైగ చేసింది. నిఖిత వైపు తిరిగి రెండు వేళ్లు చూపించి, బొటనవేలు నోటి దగ్గర పెట్టింది. నిఖిత లోపలికెళ్లి రెండు గ్లాసులతో నీళ్లు తెచ్చింది. రైలు పోయేదాకా ఆ ఇంట్లో అందరూ చేతులతోనే మాట్లాడుకున్నారు. రైలు లేనప్పుడు అరుచుకుంటూ మాట్లాడుకుంటారు, అది అలవాటైపోయింది. ఆ రెంటిలోనూ నిఖితకు లోటు రాలేదు. ఆ పిల్లకు వినబడదని ఆ ఇంట్లో ఎలా తెలుస్తుంది? మామూలు గొంతుతో మాట్లాడే చోటు ఆమెకు బడి ఒక్కటే. కనిపెట్టాల్సింది నేనే.

చెప్పాను. చెవి ఎప్పటినుంచి కారుతోందని అడిగాను. చిన్నప్పటినుంచీ అట, తగ్గుతుంది మళ్లీ వస్తుంది, నాయనమ్మ నూనె కాచి పోస్తుంది, దూది పెడుతుంది. తల్లికి నా మాట ఎక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక ఏడవలేదు. కుట్టు మిషన్ చక్రం మీద చెయ్యి వేసి అటూ ఇటూ తిప్పుతూ అంది:

"మీరు రాసిన్రని కొట్టిన మేడం. మాట ఇంటలేదని మీరు రాసిన్రు. సదువుకున్న మేడం రాసింది గదా అని కొట్టిన. చేతుల పట్టుకున్న గజం కట్టెతోటి. అదేమో నా మూతి దిక్కు సూసుకుంట, ఏమంటున్నవ్ మమ్మీ, ఏమంటున్నవ్ మమ్మీ అని..."

  యాదమ్మే ఆమె భుజం పట్టుకుని, "ఊకో బిడ్డా, ఇప్పుడు ఎరికైంది గదా. రేపు దవాఖానకు పోదాం, నేనొస్త" అంది.

నా కడుపులో బిడ్డ ఆ సాయంత్రం తన్నింది. మొదటిసారి కాదు. కానీ నాకు గుర్తున్నది అదే.

చాక్‌పీస్ చప్పుడు

సర్కారు దవాఖానలో చూశారు. కుడి కర్ణభేరికి రంధ్రం, ఎడమ చెవి లోపల నీరు చేరింది. చుక్కలు, మాత్రలు, తర్వాత సెలవుల్లో ఆపరేషన్. నేను ప్రసవానికి వెళ్లిపోయాక అయింది ఆ ఆపరేషన్. ఎడమ చెవి పూర్తిగా బాగైంది. కుడిది కొంతే.

ఎడమ చెవిలో నీరు మందులతోనే తగ్గడం మొదలైంది. ఒకరోజు నేను బోర్డు మీద తేదీ రాస్తుంటే వెనకనుంచి కేక వినిపించింది.

"టీచర్! చాక్‌పీస్ సప్పుడు జేస్తుంది!"

తిరిగి చూశాను. నిఖిత బెంచీ మీద మోకాళ్లేసి లేచింది. "మీరు రాసినప్పుడల్లా సప్పుడు చేస్తదా టీచర్? ముందుగాల సంది?"

"అవునురా. ముందునుంచీ."

"నాకెవ్వరు చెప్పలే" అంది, కోపంగా.

ఆ శనివారం స్టిక్కర్లన్నీ పీకేశాను. కొన్ని ఊడలేదు, కొబ్బరినూనె రాసి రుద్దాను. నిఖిత తన పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరే నిలబడింది. "నాకు చెవిది పెడతరా ఇప్పుడు?" అని అడిగింది ఆశగా.

"ఏదీ పెట్టను."

"మరి నేనేం టైపు?"

"రెండో తరగతి టైపు" అన్నాను. ఆలోచించి ఒప్పుకుంది.

అట్ట మీద జిగురు మరక మిగిలిపోయింది, కన్ను ఆకారంలోనే.

నిఖిత ఇప్పుడు ఆరో తరగతి. నా వీడ్కోలు రోజు పద్యం చదివింది. గొంతు కొంచెం పెద్దది, రైలు పక్క ఇంటి గొంతు. మైకు పనిచేయకపోయినా చివరి వరుస దాకా వినిపించింది.

వైష్ణవికి

ఇప్పుడు నీ ప్రశ్న. ఏ పిల్లకు ఎలా చెప్తే ఎక్కుతుంది?

నాకు తెలిసినంతలో, ఎలా చెప్పాలన్నది పిల్లను చూసి తేల్చేది కాదు, పాఠాన్ని చూసి తేల్చేది. సగం చెప్పాలంటే ప్రతి పిల్లా కాగితం మడిచి అంచుకు అంచు కలిపి చూడాలి. నోటితో ఎంత చెప్పినా పెద్ద సగం పోదు. పద్యం అందరూ వినాలి, బొమ్మ చూస్తే పద్యం రాదు. 'ఱ' రాయడం అందరి వేళ్లకూ రావాలి. కన్ను పిల్లలకు పద్యం మానేసి, చెవి పిల్లలకు కాగితం మడవడం మానేస్తే ఇద్దరికీ ఎగ్గొట్టినట్టే. నేను నిఖితకు పద్యం ఎగ్గొట్టాను. ప్రేమతోనే ఎగ్గొట్టాను.

ట్రైనింగ్ ఇచ్చిన కుర్రాడి మీద కోపం లేదు. పాఠం మూడు నాలుగు రకాలుగా చెప్పాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను, అది ఇప్పటికీ పనికొస్తోంది. చెడిపోయింది స్టిక్కర్ దగ్గర. పేరు పెట్టాక నేను చూడటం మానేశాను. కనిపించిన ప్రతిదీ ఆ పేరుకు సాక్ష్యంగానే కనిపించింది. యాదమ్మ ఏ ట్రైనింగ్‌కూ పోలేదు. గంట కొట్టి, ఎవరు లేస్తున్నారో చూసేది.

కాబట్టి నాలుగు పనులు చేస్తూ ఉండు. నువ్వు మాట్లాడేటప్పుడు పిల్లల వైపు తిరిగే మాట్లాడు, బోర్డుతో మాట్లాడకు. మొదటి వారంలోనే ప్రతి పిల్లనూ వెనకనుంచి, మెల్లగా, పేరు పెట్టి పిలిచి చూడు. ఆటలాగా చేయి, వాళ్లకూ సరదా. బోర్డు చదవమని చివరి బెంచీలో కూర్చోబెట్టి చూడు. కాపీ కొడుతున్న పిల్లను తిట్టేముందు, ఆ పిల్లకు పక్క పుస్తకంలోంచి కావాల్సింది ఏమిటో కనుక్కో. జవాబు కాకపోవచ్చు, ప్రశ్నే కావచ్చు.

ఆయాలతో మాట్లాడు. నేను అయిదేళ్లు యాదమ్మతో "నీళ్లు పట్టావా, గది ఊడ్చావా" తప్ప మాట్లాడలేదు.

ఎర్ర పెన్నుతో డైరీ రాసేటప్పుడు ఆగు. ఆ వాక్యం ఇంటికి వెళ్లాక ఏమవుతుందో ఊహించుకో. "మాట వినడం లేదు" అని మన తెలుగులో ఎంత సులువుగా రాసేస్తాం! ఆ మూడు మాటల్లో పిల్ల తప్పూ ఉండొచ్చు, పిల్ల చెవీ ఉండొచ్చు. రాసేవాళ్లకు తేడా తెలియకపోతే దెబ్బలు తినేది పిల్లే.

ఇంకో సంగతి. భయపడు, పరవాలేదు. సుగుణ మేడమ్ ఒకసారి నాతో అన్నారు, "నాకు ముప్పై ఏళ్లయినా జూన్‌లో మొదటి రోజు భయమేస్తుందమ్మాయ్, అది మానితే నేనూ మానేద్దామనుకున్నా, అదేవో మానట్లేదు" అని.

పద్నాలుగో గడి

మా పాప మాటలు ఆలస్యంగా వచ్చాయి. రెండేళ్లు నిండినా "అమ్మ", "తాత", "పో" తప్ప లేవు. నేను ఎలా ఉండి ఉంటానో నీకు తెలుసు కదా. వెనక చేరి చెంచా, గిన్నె మోగించేదాన్ని. పక్క గదిలోంచి గుసగుసగా "బిస్కెట్" అనేదాన్ని. మూడుసార్లు చెవి పరీక్ష చేయించాను. మూడోసారి మా ఆయన, "డాక్టరు కన్నా దానికే ఎక్కువ ఎరికిప్పుడు, మిషను చూడంగనే చెవి ముంగట పెడ్తుంది" అన్నారు. చెవులు బాగానే ఉన్నాయి. పిలిస్తే ఇష్టమైతే తిరుగుతుంది, లేదంటే లేదు. ఇప్పుడు మాటలు ఆగవు. అయినా నాకు భయం పోలేదు. రేపటినుంచి నా బిడ్డ ఇంకొకరి క్లాసులో ముప్పై ఆరో పిల్ల. నాలాంటి మంచి టీచరే దొరుకుతుందేమో, కష్టపడి స్టిక్కర్లు కత్తిరించుకునే టీచర్.

టిక్ పెట్టకుండా వదిలేస్తే పట్టించుకోని తల్లి అనుకుంటారేమో. 'చూసి' అని పెడితే అదే మా పాప పేరు అయిపోతుందేమో. ఇలా గంటసేపు కూర్చున్నాను. తర్వాత పెన్ను మూసి, పాప డబ్బాలోంచి పెన్సిల్ తీసుకున్నాను. నిఖిత వాళ్లమ్మ సంతకం పక్కన పెన్సిల్‌తో ఎందుకు రాసిందో అప్పుడు ఆలోచించలేదు. చేతికి అందింది అదే కావచ్చు. జాకెట్ల గుడ్డ మీద గీతలు గీసే పెన్సిల్ అయి ఉంటుంది.

పద్నాలుగో గడి పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో రాశాను:

"మాకు ఇంకా తెలియదు మేడమ్. మీరూ తొందరపడి తేల్చకండి. చెవులు చూపించాం, బాగున్నాయి. ఎప్పుడైనా మాట వినలేదనిపిస్తే డైరీలో రాసేముందు ఒక్కసారి దగ్గరికెళ్లి, మీ మొహం కనిపించేలా వంగి, మళ్లీ చెప్పి చూడండి. అప్పటికీ వినకపోతే నాకు ఫోన్ చేయండి. నేను వింటాను."